నక్షత్ర ధూళి ఏ రంగులో బయటపడుతుంది: కావలి – ఉదయగిరి ప్రాజెక్టు డైరీ

డిసెంబరు, వానలు తెరిపి ఇచ్చిన వారం

ఈశాన్య రుతుపవనాలు పోయేదాకా మా కావలిలో ఆకాశం మీద ఆశ పెట్టుకోవడం దండగ. అందుకని ఈ నెలంతా లెక్కలకీ, బల్ల మీద పనికీ వదిలేశాను.

కొలవాలనుకుంటున్నది ఇది. నక్షత్రాల మధ్య ఖాళీలో సన్నటి ధూళి ఉంది. దాన్ని దాటుకుని వచ్చిన నక్షత్రపు వెలుగు కొద్దిగా ధ్రువణం చెందుతుంది. అంటే దాని కంపనాలు ఒక దిక్కున కాస్త ఎక్కువ, దానికి అడ్డంగా కాస్త తక్కువ అవుతాయి. ధూళి బాగా అడ్డుపడిన నక్షత్రానికి కూడా ఇది మూడు నుంచి ఆరు శాతం ఉంటే గొప్ప. ఈ శాతం అన్ని రంగుల్లో ఒకేలా ఉండదు. నీలం నుంచి ఎరుపు వైపు వెళ్తుంటే పెరిగి, ఒకచోట గరిష్ఠానికి చేరి, మళ్లీ తగ్గుతుంది. ఆ గరిష్ఠం ఏ తరంగదైర్ఘ్యం దగ్గర వచ్చిందో పట్టుకుంటే, దారిలో ఉన్న రేణువుల లావు తెలుస్తుంది. రేణువు వ్యాసార్ధాన్ని రెండు పై (2π)తోనూ, వక్రీభవన గుణకంలోంచి ఒకటి తీసేసిన సంఖ్యతోనూ గుణిస్తే ఉజ్జాయింపుగా ఆ తరంగదైర్ఘ్యం వస్తుంది. గుణకం 1.6 అనుకుంటే, 550 నానోమీటర్ల దగ్గర గరిష్ఠం వచ్చిన చోట రేణువు వ్యాసార్ధం 150 నానోమీటర్లకు కాస్త తక్కువ. మిల్లీమీటరులో దాదాపు ఏడు వేలవ వంతు! వేల కాంతి సంవత్సరాల దారిలో తేలే రేణువు లావును ఎనిమిది అంగుళాల టెలిస్కోప్‌తో మన నెల్లూరు జిల్లాలో కూర్చుని తేల్చవచ్చన్న సంగతి తెలిసిన దగ్గర్నుంచీ, ఇది చేసి చూడాల్సిందేనని పట్టుకుంది నాకు.

ఈ కథ మొదట్లోనే ఖగోళ శాస్త్రవేత్త సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ పేరు వస్తుంది. వేడి నక్షత్రాల వాతావరణంలో ఎలక్ట్రాన్లు వెలుగును చెదరగొడతాయి కాబట్టి బింబం అంచు నుంచి వచ్చే వెలుగు ధ్రువణం చెంది ఉండాలని ఆయన 1946లో లెక్కగట్టారు. బింబమంతా ఒకేసారి కనపడితే చుట్టూ ఉన్న అంచులు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. జంట నక్షత్రాల్లో ఒకటి రెండోదాన్ని కొంత కప్పేసినప్పుడు మాత్రం అది బయటపడాలి. అమెరికాలో హిల్ట్‌నర్, హాల్ దానికోసమే వెతికారు. ధ్రువణం దొరికింది గానీ, గ్రహణం పట్టినా విడిచినా అది మారలేదు. జంట కాని నక్షత్రాల్లోనూ ఉంది. దూరాన ఉండి, ధూళి వల్ల ఎర్రబారిన వాటిలో ఎక్కువగా ఉంది. అంటే అది నక్షత్రంలో పుట్టింది కాదు, దారిలో అంటుకున్నది. 1949లో ఇద్దరూ విడివిడిగా ప్రకటించారు. చంద్రశేఖర్ లెక్క తప్పలేదు, దాన్ని వెతకబోయిన వాళ్లకు ఇంకో పెద్ద సంగతి ముందు దొరికింది.

ధూళి ఈ పని ఎలా చేస్తుందో డేవిస్, గ్రీన్‌స్టైన్ 1951లో చెప్పారు. రేణువులు గుండ్రంగా ఉండవు, కాస్త సాగి ఉంటాయి, గిర్రున తిరుగుతుంటాయి. పాలపుంతలో ఉన్న అయస్కాంత క్షేత్రం భూమి క్షేత్రంతో పోలిస్తే దాదాపు లక్ష రెట్లు బలహీనం. అయినా తిరిగే రేణువు పొట్టి అక్షం చివరకు ఆ క్షేత్రం వెంట కుదురుకుంటుంది. పొడుగు వైపు క్షేత్రానికి అడ్డంగా ఉండిపోతుంది. పొడుగు వెంట కంపించే వెలుగు ఎక్కువ ఆగుతుంది, మిగిలినది క్షేత్రం వెంట కంపిస్తూ మన దగ్గరికి వస్తుంది. వరిచేను గాలికి వాలినట్టే ఇదీ: ప్రతి వెన్నూ ఒకే కోణంలో ఉండదు, కానీ చేను మొత్తం ఎటు వాలిందో గట్టు మీద నుంచే తెలుస్తుంది. అలా సర్దుకోవడంలో నక్షత్రాల వెలుగు రేణువులకిచ్చే మెలితిప్పుకు పెద్ద పాత్ర ఉందని తర్వాత వచ్చిన పరిశోధనలు చెప్తున్నాయి.

నాకు అన్నిటికంటే నచ్చిన విషయం ఒకటుంది. ధూళి వెలుగును ఆపడం నీలం దాటి అతినీలలోహితంలోకి వెళ్లేకొద్దీ ఇంకా పెరుగుతుంది. ధ్రువణం మాత్రం అక్కడ పడిపోతుంది. రెండూ ఒకే ధూళి పనే అయినప్పుడు ఇలా ఎందుకు? అతినీలలోహితాన్ని ఆపేవి మరీ చిన్న రేణువులు. అవి ఉన్నాయి, వెలుగును ఆపుతున్నాయి, కానీ క్షేత్రానికి లొంగి వరసలో నిలబడటం లేదు. లొంగేవి లావుపాటివే. వెలుగు ఎంత తగ్గిందో కొలిస్తే ధూళి అంతా కలిసి జవాబు చెప్తుంది. ధ్రువణం కొలిస్తే లావు రేణువులే పలుకుతాయి.

జనవరి దగ్గరపడుతుండగా, బల్ల మీద అభ్రకం

ధ్రువణాన్ని కొలవాలంటే దాని దిక్కును మనం తిప్పగలగాలి. మామూలుగా అర్ధ తరంగ ఫలకం అనే పలక వాడతారు. దాన్ని తిప్పితే ధ్రువణం దిక్కు రెట్టింపు కోణంలో తిరుగుతుంది. అన్ని రంగుల్లో సమానంగా పనిచేసే ఫలకం ఖరీదు నాకు అందేది కాదు. కానీ మనది నెల్లూరు జిల్లా. సైదాపురం వైపు అభ్రకం గనుల పేరు ఈ రంగంలో ఉన్న ఎవరికైనా తెలుసు. అభ్రకానికి ద్వివక్రీభవన గుణం ఉంది (అంటే దాన్ని దాటేటప్పుడు ఒక దిక్కు కంపనం దానికి అడ్డ దిక్కు కంపనం కంటే వెనకపడుతుంది), పొరలు పొరలుగా చీలుతుంది, పాత రోజుల నుంచీ తరంగ ఫలకాలకు వాడుతున్నారు. మా కాలేజీ ల్యాబులో పాత అభ్రకం పలకలున్నాయి. ముందు వాటితో మొదలుపెట్టాను.

పలక అంచున బ్లేడు కొసతో గీరి, ఆ చీలికలోకి సూది దూర్చి నెమ్మదిగా తోస్తే రేకు లేస్తుంది. మరీ పల్చగా వస్తే చేతికి అంటుకుని ముడతపడుతుంది. అర్ధ తరంగానికి కావాల్సిన మందం 0.06 మిల్లీమీటర్ల దరిదాపుల్లో. స్క్రూగేజీతో చూసి, రెండు పోలరాయిడ్ల (ఒక దిక్కు కంపనాన్నే దాటనిచ్చే పొరలు) మధ్య పెట్టి, వెలుగుకు ఎదురుగా పట్టుకుని తిప్పాలి. పోలరాయిడ్లు రెండూ ఒకే దిక్కున ఉంచి రేకును 45 డిగ్రీలకు తిప్పినప్పుడు పచ్చ పూర్తిగా ఆగిపోయి ఊదా కలిసిన ఎరుపు మిగిలితే, ఆ రేకు 550 నానోమీటర్ల దగ్గర సరిగ్గా అర్ధ తరంగం ఇస్తున్నట్టు. మా కాలేజీ పిల్లలకు ఇది చూపిస్తే ఒక్కొక్కరూ మళ్లీ మళ్లీ తిప్పి చూశారు. రంగే లేని రేకులోంచి అంత చిక్కటి రంగు!

ఆ రంగే నన్ను ఆపింది కూడా. పచ్చ దగ్గర సరిగ్గా ఉందంటే మిగతా రంగుల దగ్గర సరిగ్గా లేదనే కదా. లెక్క వేశాను. 550 దగ్గర 180 డిగ్రీల ఆలస్యం ఇచ్చే రేకు, 440 దగ్గర 225 డిగ్రీలు, 650 దగ్గర 152, 800 దగ్గర 124 ఇస్తుంది. ఆ కోణపు కొసైన్‌ను ఒకటిలోంచి తీసేసి సగం చేస్తే, ఉన్న ధ్రువణంలో ఎంత భాగం మన కొలతలోకి వస్తుందో తెలుస్తుంది. నీలంలో 85 శాతం, ఎరుపులో 94, దగ్గరి పరారుణంలో 78.

ఇప్పుడు ధూళి సంగతి చూడండి. సెర్కోవ్‌స్కీ, మాథ్యూసన్, ఫోర్డ్ 1975లో ఎన్నో నక్షత్రాల కొలతలు కలిపి ఇచ్చిన సూత్రం ఉంది. గరిష్ఠ తరంగదైర్ఘ్యాన్ని మనం కొలిచే తరంగదైర్ఘ్యంతో భాగించి, సహజ లాగరిథమ్ తీసి, వర్గం చేసి, 1.15తో గుణించి, ఆ వచ్చినదానికి రుణ గుర్తు పెట్టి ఘాతాంకంగా వాడితే, ఆ రంగులో ధ్రువణం గరిష్ఠంలో ఎన్నో వంతో వస్తుంది. గరిష్ఠం 550 దగ్గర ఉన్న నక్షత్రానికి నీలంలో 94 శాతం, 800 దగ్గర 85 శాతం. మధ్యలో ఎత్తు, రెండు పక్కలా వాలు. నా అభ్రకం రేకు తనంతట తానే ఇదే ఆకారాన్ని, ఇంతకంటే గట్టిగా గీసి పెడుతుంది. ఏ వాలూ లేని ధ్రువణం ఇచ్చినా మధ్యలో ఎత్తు చూపిస్తుంది. రేకు ఎంత తగ్గిస్తుందో కొలిచి భాగించుకోవచ్చు, నిజమే. కానీ ఏ ఆకారం కోసం వెతుకుతున్నామో అదే ఆకారం పరికరంలో కూర్చుని ఉంటే, చివరికి వచ్చిన సంఖ్యను నేను నమ్మలేను. అభ్రకాన్ని పక్కన పెట్టేశాను.

పక్కన పెట్టేముందు బల్ల మీద నిజంగానే చూశాం. పూర్తిగా ధ్రువణం చెందిన వెలుగు కావాలి. పోలరాయిడ్ పొర వాడదామంటే 800 నానోమీటర్ల దగ్గర అది వెలుగును అడ్డంగా కూడా వదిలేస్తుంది, పనికిరాదు. దానికి బదులు మామూలు కిటికీ అద్దం ముక్క వెనక నల్ల పెయింటు వేసి, దాని మీద 56 డిగ్రీల కోణంలో వెలుగు పడేలా పెట్టాం. ఆ కోణంలో గాజు నుంచి ప్రతిఫలించే వెలుగు ఏ రంగులోనైనా పూర్తిగా ధ్రువణమే. దీపం విషయంలోనూ జాగ్రత్త పడాలి. తెల్ల ఎల్‌ఈడీలో 800 దగ్గర వెలుగు దాదాపు ఉండదు. పాత ఫిలమెంటు బల్బే కావాలి. ఇప్పుడవి కరెంటు సామాను కొట్లలో అడిగితే వింతగా చూస్తున్నారు, చివరికి మా ఇంటి అటక మీద దొరికింది. కొలతలు లెక్కకు దగ్గరగానే వచ్చాయి. రేకు వాలు చూపించింది.

జనవరి మొదట్లో, లేత్ షాపు

ఫలకం తిప్పే బదులు పరికరం మొత్తాన్ని తిప్పుదాం అని నిర్ణయం. వెలుగును విడదీసేది కాల్సైట్ ముక్క. అచ్చు అక్షరాల మీద పెడితే ప్రతి అక్షరం రెండుగా కనిపించే రాయి అదే. పది మిల్లీమీటర్ల మందం ఉన్న ముక్క రెండు కిరణాల మధ్య దాదాపు 1.1 మిల్లీమీటరు ఎడం ఇస్తుంది. కెమెరా ముందు దాన్ని పెడితే ప్రతి నక్షత్రమూ రెండు చుక్కలుగా పడుతుంది. ఒక చుక్కలో ఒక దిక్కు కంపనం, రెండోదాంట్లో దానికి అడ్డ దిక్కు.

ఒకే పోలరాయిడ్ తిప్పి వరసగా ఫొటోలు తీస్తే అయిపోదా అని పిల్లలు అడిగారు. అయిపోదు. ఒక ఫొటోకీ తర్వాతి ఫొటోకీ మధ్య ఆకాశంలో పల్చటి మబ్బు కదిలినా, మంచు పొర మారినా వెలుగు మూడు నాలుగు శాతం ఊరికే అటూ ఇటూ అవుతుంది. మనం పట్టుకోవాల్సిందే మూడు శాతం. రెండు చుక్కలూ ఒకేసారి, ఒకే గాలిలోంచి వస్తే మబ్బు రెండింటినీ సమానంగా తగ్గిస్తుంది, నిష్పత్తి చెక్కుచెదరదు.

కెమెరాలో ఒక మూల ఇంకో మూల కంటే కాస్త ఎక్కువ పట్టుకుంటుంది కదా, దానికీ మందుంది. పరికరాన్ని 90 డిగ్రీలు తిప్పితే రెండు చుక్కల పాత్రలు మారిపోతాయి. మొదటి నిష్పత్తిని రెండో నిష్పత్తితో భాగించి వర్గమూలం తీస్తే కెమెరా పక్షపాతం కొట్టుకుపోతుంది. ఆ వచ్చిన సంఖ్యలోంచి ఒకటి తీసి, ఒకటి కలిపినదానితో భాగిస్తే ధ్రువణంలో ఒక భాగం. 45, 135 డిగ్రీల దగ్గర ఇదే చేస్తే రెండో భాగం.

అంటే నాలుగు స్థానాల్లో ఖచ్చితంగా ఆగే రింగు కావాలి. నెల్లూరులో నాకు తెలిసిన లేత్ మేస్త్రీ దగ్గరికి వెళ్లి బొమ్మ గీసి చూపించాను.

“ఇంత చిన్న గాజుముక్కకు ఇంత బందోబస్తు ఏంది సార్?” అన్నాడు.

ఒక డిగ్రీ అటూ ఇటూ ఆగినా, మూడు శాతం ధ్రువణంలో 0.1 శాతం ఒక భాగంలోంచి ఇంకో భాగంలోకి పారిపోతుందని చెప్పాను. ఆయన ఇంకేం మాట్లాడలేదు. డివైడింగ్ హెడ్ (కోణాల్ని కచ్చితంగా పంచే అమరిక) ఎక్కించి, అల్యూమినియం రింగు మీద నాలుగు గుంటలు వేసి, స్ప్రింగు వెనకాల ఉక్కు గోళీ పెట్టాడు. తిప్పితే ప్రతి గుంట దగ్గరా టక్కుమని కూర్చుంటుంది. ఆడుతుందేమోనని ఆయనే రెండు సార్లు విప్పి, గోళీ మార్చి బిగించాడు. చేతిలో పట్టుకుని తిప్పుతుంటే ఆ పని విలువ తెలుస్తుంది.

టెలిస్కోప్ గురించి ఒక మాట, ఎవరైనా చేయబోతే పనికొస్తుంది. న్యూటోనియన్ వద్దు. దాంట్లో 45 డిగ్రీల్లో ఉండే చిన్న అద్దం తనే కొన్ని శాతం ధ్రువణం కలిపేస్తుంది. మాది ష్మిట్ – కాసెగ్రేన్, అద్దాలు రెండూ అక్షం చుట్టూ సమంగా ఉంటాయి. కంటికి సౌకర్యంగా ఉండాలని వెనక తగిలించే వంపు అద్దం కూడా తీసేశాం. కెమెరా నేరుగా వెనకే.

సంక్రాంతి వెళ్లాక, ఉదయగిరి దగ్గర

కావలిలో ఇంటి డాబా మీద నుంచి మొదట చూశాం. సముద్రం వైపు రొయ్యల చెరువుల దీపాలు రాత్రంతా వెలుగుతాయి, ఆ దిక్కున ఆకాశం తెల్లగా ఉంటుంది. తొమ్మిది దాటేసరికి టెలిస్కోప్ ముందు గాజు మీద మంచు దిగిపోతుంది. అమావాస్య దగ్గరపడ్డాక సామాను ఆటోలో వేసుకుని ఉదయగిరి దగ్గర మామయ్య చేనుకు వచ్చేశాం. వింజమూరు దాటాక గాలిలో తడి తగ్గడం ఒంటికే తెలుస్తుంది. దుర్గం కొండ నల్లగా పడమటి ఆకాశాన్ని కొంత మూసేస్తుంది, మిగతాదంతా మనదే.

అమావాస్యే ఎందుకంటే, చంద్రుడి వెలుగును గాలి చెదరగొట్టినప్పుడు ఆకాశమే గట్టిగా ధ్రువణం చెందుతుంది. చంద్రుడికి 90 డిగ్రీల దూరంలో మరీ ఎక్కువ. ఆ నేపథ్యాన్ని తీసేయవచ్చు గానీ, అసలు లేకుండా చూసుకోవడం మేలు.

మొదటి నక్షత్రం శర్మిష్ఠ మండలంలోని ఫై కాసియోపియా. ఎన్‌జీసీ 457 నక్షత్రగుచ్ఛంతో పాటే కనపడుతుంది, ఐదో తరగతి ప్రకాశం, మసక లేని చోట కంటికే అందుతుంది. మన దగ్గర ఎంత ఎత్తుకు వచ్చినా 47 డిగ్రీలే. జనవరిలో చీకటి పడేసరికే పడమరకు వాలడం మొదలవుతుంది కాబట్టి తొందరపడాలి. దీన్ని ఎంచుకోవడానికి కారణం, ఇది పెద్ద అబ్జర్వేటరీలు తమ పరికరాల్ని సరిచూసుకోవడానికి వాడే నక్షత్రాల్లో ఒకటి. పచ్చలో 3.3 శాతం, దిక్కు ఉత్తరం నుంచి తూర్పుకు 91 డిగ్రీల చుట్టూ. మా పరికరం సరిగ్గా ఉందో లేదో ఇదే చెప్తుంది.

దానికి ముందు సున్నా కావాలి. అదే మండలంలో బీటా కాసియోపియా ఉంది. దూరం 55 కాంతి సంవత్సరాలే. సూర్యుడి చుట్టుపక్కల ధూళి చాలా తక్కువ, అంత దగ్గర నక్షత్రానికి ధ్రువణం దాదాపు ఉండదు. దాని దగ్గర మా పరికరం ఏం చూపిస్తే అది పరికరం సొంతం. నీలం, పచ్చ, ఎరుపు, దగ్గరి పరారుణం, ఈ నాలుగు ఫిల్టర్లలోనూ 0.1 శాతం చుట్టుపక్కలే వచ్చింది. మేస్త్రీ గోళీకి దండం పెట్టాను.

బీటా మీద నుంచి ఫైకి తిప్పాం. నక్షత్రాన్ని కావాలనే కాస్త ఫోకస్ తప్పించి చిన్న బిళ్లలా పరిచాం. వెలుగు ఎక్కువ పిక్సెళ్ల మీద పడితే కెమెరా నిండిపోదు, ఒక్కో పిక్సెల్ తేడాల ప్రభావమూ తగ్గుతుంది. పచ్చ ఫిల్టర్‌తో మొదలుపెట్టిన కాసేపటికి కొండ వైపు నుంచి పల్చటి మబ్బు పాకింది. తెర మీద నక్షత్రం వెలుగు సగానికి పడింది. రెండు చుక్కల నిష్పత్తి వైపు చూస్తే మూడో దశాంశంలో మాత్రమే కదులుతోంది. కాల్సైట్ గురించి నెల రోజులుగా పిల్లలకు చెప్తున్నదంతా ఆ రెండు అంకెల్లో కళ్ల ముందు కనపడింది.

మామయ్య దుప్పటి కప్పుకుని వచ్చి పక్కన కూర్చున్నాడు. “ఏంది అల్లుడూ, అంత ఆకాశం పెట్టుకోని ఒకే చుక్కను పట్టుకోనుండావు?” అన్నాడు. ఆ చుక్కకూ మనకూ మధ్య ఉన్న దుమ్మును కొలుస్తున్నానని చెప్పాను. “దుమ్ము గూడా కనపడతాదా?” అని తెర వైపు వంగి చూశాడు. కనపడదు మామా, అది వెలుగుకు చేసిన పని కనపడుతుంది అన్నాను. ఆయన పోలరాయిడ్ ముక్క అడిగి తీసుకుని, తెల్లవారాక ఎండలో బావి నీళ్ల మీద తళుకును అది ఆపుతుంటే తిప్పి తిప్పి చూసుకున్నాడు.

ఫిబ్రవరి, లెక్కల్లో

ఫై కాసియోపియా సంఖ్యలు: నీలంలో 3.1, పచ్చలో 3.2, ఎరుపులో 3.1, దగ్గరి పరారుణంలో 2.5 శాతం. పచ్చ, ఎరుపుల్లో అటూ ఇటూ 0.15, మిగతా రెండింట్లో 0.2 అనుమానం పెట్టుకోవాలి. ప్రామాణిక విలువలతో పోలిస్తే హద్దుల్లోనే ఉన్నాం. నీలం, పచ్చ దాదాపు సమానం, పరారుణం స్పష్టంగా కింద. గరిష్ఠం 510 దగ్గర ఉంటే సూత్రం ప్రకారం ఇలాగే ఉండాలి.

లెక్కలో ఒక మెలిక చెప్పాలి. ధ్రువణానికి రెండు భాగాలున్నాయి, అవి ప్లస్ కావచ్చు, మైనస్ కావచ్చు. మొత్తం శాతం రావాలంటే రెండింటినీ వర్గం చేసి కలిపి వర్గమూలం తీస్తాం. వర్గం ఎప్పుడూ ప్లస్సే కాబట్టి కొలతలో ఉన్న గజిబిజి కూడా ధ్రువణంలా కనపడుతుంది, విలువను పైకే నెడుతుంది. మూడు శాతానికి ఇది పెద్ద ఇబ్బంది కాదు. బీటా కాసియోపియా లాంటి సున్నా నక్షత్రానికి ఇదే అసలు ఇబ్బంది. అందుకని పరికరం సొంత ధ్రువణాన్ని తీసేసేటప్పుడు మొత్తాల్ని కాకుండా భాగాల్ని విడివిడిగా తీసేయాలి.

తరగతిలో ధ్రువణం అంటే పిల్లలకు ఎండ కళ్లద్దాలే గుర్తొచ్చేవి. ఈసారి 2024 జనవరి 1న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ – సి58 మీద వెళ్లిన ఎక్స్‌పోశాట్ గురించి చెప్పాను. న్యూట్రాన్ తారల నుంచి, బ్లాక్‌హోల్స్ చుట్టుపక్కల నుంచి వచ్చే ఎక్స్ కిరణాల ధ్రువణం కొలవడం దాని పని. రాకెట్లు పైకి పోవడం మన జిల్లాలో డాబాలెక్కి చూసిన పిల్లలే వీళ్లంతా. వాటిలో ఒకటి ఏ పనికి వెళ్లిందో ఇప్పుడు వాళ్లకు చేతులతో తెలుసు.

ఉగాది దాటాక, వృశ్చికం

ఈ ప్రాజెక్టుకు ప్రాణం ఈ నక్షత్రమే. జ్యేష్ఠకు వాయవ్యంగా దాదాపు మూడు డిగ్రీల దూరంలో ఒమిక్రాన్ స్కార్పై ఉంది. కంటికి మామూలు చుక్క. కానీ అది రో ఒఫియూకై మేఘం ఉన్న ప్రాంతం, దట్టమైన ధూళి, లోపల కొత్త నక్షత్రాలు పుడుతున్న చోటు. ఆ ధూళి అంచుల్ని దాటుకుని వచ్చే ఈ నక్షత్రానికి నాలుగు శాతం పైన ధ్రువణం ఉంది. గరిష్ఠం 550 దగ్గర కాకుండా 680 నానోమీటర్ల చుట్టూ, ఎరుపులో ఉందని తెలిసిన విషయమే. అది మా రింగుతో, మా కాల్సైట్‌తో మాకు కనపడుతుందా అన్నదే ప్రశ్న.

ఈ నెలల్లో వృశ్చికం బాగా పైకి వచ్చేది తెల్లవారుజామునే. మాకు దక్షిణాన 51 డిగ్రీల ఎత్తుకు వస్తుంది, ఫై కాసియోపియా కంటే సుఖం. సున్నాకు కన్యారాశిలోని 61 వర్జినిస్ తీసుకున్నాం, 28 కాంతి సంవత్సరాల దూరం. పగలు ఎండ మండిపోతున్నా మూడు గంటలకు గాలి నిలకడగా ఉంది.

ఈసారి నీలంతో మొదలుపెట్టాను. 3.4 వచ్చింది. తర్వాత దగ్గరి పరారుణం. 4.1!

ఆ రెండూ పక్కపక్కన రాసుకుని చూస్తే ఇంక వక్రరేఖ గీయనక్కర్లేదు. ఫై కాసియోపియాకు నీలం ఎక్కువ, పరారుణం తక్కువ. ఇక్కడ నీలం తక్కువ, పరారుణం ఎక్కువ. వాలు తిరగబడింది. అదే పరికరం, అవే ఫిల్టర్లు, అదే లెక్క. మారింది ధూళి ఒక్కటే. అభ్రకం రేకు పెట్టుకుని ఉంటే దాని వాలు రెండింటి మీదా కూర్చుని, ఈ తేడాలో దేన్ని ఎంత నమ్మాలో తేల్చుకోలేక సతమతమయ్యేవాళ్లం.

పచ్చలో 4.0, ఎరుపులో 4.3 వచ్చాయి. నాలుగింటినీ సూత్రంలో పెట్టి సరిపోల్చితే గరిష్ఠం 660, 700 మధ్య ఎక్కడో ఉంది. ఇంతకంటే బిగించి చెప్పడానికి మా అనుమానపు హద్దులు ఒప్పుకోవు. రేణువు వ్యాసార్ధం లెక్కకు 180 నానోమీటర్ల దగ్గరికి వస్తుంది. దట్టమైన మేఘంలో రేణువులు ఒకదానికొకటి అతుక్కుంటాయి, వాటి మీద కొత్త పదార్థం పేరుకుంటుంది. సన్న రేణువులు తగ్గి సగటు లావు పెరుగుతుంది. గరిష్ఠం ఎరుపు వైపు జరగడం అంటే అదే.

సెర్కోవ్‌స్కీ బృందం ఇంకో సంబంధం కూడా ఇచ్చింది. మైక్రోమీటర్లలో గరిష్ఠ తరంగదైర్ఘ్యాన్ని 5.5తో గుణిస్తే, ధూళి ఆపిన మొత్తం వెలుగుకూ, నక్షత్రం ఎర్రబారిన మేరకూ మధ్య నిష్పత్తి వస్తుంది. పాలపుంతలో సాధారణంగా అది 3.1 చుట్టూ ఉంటుంది. ఫై వైపు 2.8 వస్తుంది, వృశ్చికం వైపు 3.7 దాటుతుంది. ఈ నిష్పత్తి తెలియకుండా ధూళి వెనక ఉన్న నక్షత్రం దూరాన్ని సరిగ్గా లెక్కగట్టలేం. ఎర్రబారిన తీరు చూసి ఎంత మసకబారిందో అందరికీ ఒకే లెక్క వేస్తే, రో ఒఫియూకై మేఘం వెనక నక్షత్రాల్ని ఉన్నదానికంటే దూరంగా పెట్టేస్తాం. ధ్రువణం గరిష్ఠమైన రంగు అంత దూరం పనికొస్తుంది.

ఇంకో పరీక్ష మిగిలింది, దిక్కు. పరికరం కోణాన్ని జనవరిలో ఫై నక్షత్రంతో సరిచేసుకున్నాం. దాన్నే వాడితే ఒమిక్రాన్ దిక్కు నాలుగు ఫిల్టర్లలోనూ 30, 34 డిగ్రీల మధ్య వచ్చింది. ప్రామాణిక విలువ 32 చుట్టూ. రంగును బట్టి దిక్కు మెలి తిరగలేదు. దారిలో రెండు మేఘాలుండి, వాటి అయస్కాంత క్షేత్రాలు వేర్వేరు దిక్కుల్లో ఉండి, రేణువుల లావు కూడా వేరుగా ఉంటే, నీలంలో ఒక దిక్కు, ఎరుపులో ఇంకో దిక్కు కనపడాలి. మాకు అలాంటిదేమీ లేదు. ఈ నక్షత్రం వైపు ప్రధానంగా ఒకే ధూళి తెర పనిచేస్తోందని మా స్థాయిలో చెప్పగలం.

మే, తర్వాతి జాబితా

ఎండలకు కాల్సైట్ డబ్బాను సిలికా జెల్‌తో బీరువాలో పెట్టేశాం. కాల్సైట్ మెత్తటి రాయి, గుడ్డతో రుద్దితే గీతలు పడతాయి, గాలి ఊదే బల్బుతోనే దుమ్ము తీయాలి.

ఇక మిగిలింది రెండో చివర. సెఫియస్ మండలంలో హెచ్‌డీ 204827 అనే నక్షత్రం ఉంది. దానికి పచ్చలో 5.3 శాతం, నీలంలో 5.6. గరిష్ఠం 420 నానోమీటర్ల చుట్టూ, మా ఫిల్టర్లన్నిటికీ నీలం వైపు బయట. అక్కడి రేణువులు మామూలు కంటే సన్నం. సూత్రంలోని 1.15 కూడా అందరికీ ఒకటే కాదనీ, గరిష్ఠం నీలం వైపు జరిగేకొద్దీ తగ్గి వక్రరేఖ వెడల్పవుతుందనీ విల్కింగ్ బృందం 1980ల మొదట్లో, విటెట్ బృందం 1992లో చూపించారు. వాళ్ల లెక్కన 420కి అది 0.7 దగ్గరుండాలి. నాలుగు ఫిల్టర్లలో నీలం నుంచి పరారుణానికి ఎంత మెల్లగా దిగుతుందో చూస్తే 0.7కు దగ్గరో 1.15కు దగ్గరో తెలియాలి.

నక్షత్రం ఎనిమిదో తరగతి ప్రకాశం, ఫై కంటే దాదాపు పదిహేను రెట్లు మసక. ఒక్కో స్థానంలో అన్ని రెట్లు ఎక్కువసేపు వెలుగు పోగు చేయాలి, అంతసేపూ మౌంట్ (టెలిస్కోప్‌ను తిప్పే పీఠం) నక్షత్రాన్ని అదే పిక్సెళ్ల మీద పట్టుకుని ఉండాలి. దానికి గైడ్ కెమెరా కావాలి. బిగించడానికి బ్రాకెట్ కొలతలు లేత్ మేస్త్రీకి ఇచ్చి వచ్చాను, వానలు వెళ్లి డిసెంబరు సాయంత్రాలు తేటపడేలోపు చేసిస్తానన్నాడు.